గొలుసు జారిన చోట

బొగ్గు రైలు నడిచిన దారే ఇది.
పట్టాలు పీకేసి
మా సైకిళ్ళకిచ్చారు.

అస్తూరియాస్‌లో వాన కురవదు,
గాలే నానుతూ ఉంటుంది.

మూడో సొరంగం దాటాక గొలుసు జారింది.
ఎక్కించేసరికి
మణికట్టు దాకా నలుపు.

కొళాయి దగ్గర ఎతెల్వీనా
బంగాళాదుంపలు కడుగుతోంది. ఎనభై దాటుంటాయి.
నా చేతులు చూసి నవ్వింది,
లోపలికెళ్ళి సబ్బూ, గరుకు బ్రష్షూ తెచ్చింది.
అడగలేదు. తనే తోమింది,
గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో,
చెయ్యి మరవని పనిలా.

నీళ్ళు తేటగా పారుతున్నా
వదల్లేదు.
"బెలార్మీనోది ఇంత తేలిగ్గా పోయేది కాదు"
అంది, కొళాయితో.

అక్కణ్ణించి అంతా దిగుడే.
తొక్కక్కర్లేదు.
హ్యాండిల్ మీద చేతులు
ఇంకా తడిగా,
సగమే నావి.