ఇరవై గళ్ళ పేరు

రీగాలో మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వేస్తాం.
కిటికీ అవతల దౌగవ నది సగం గడ్డకట్టింది,
మిగతా సగం ఇంకా మనసు మార్చుకోలేదు.
నా పని చిన్నది:
ఫలానా సంస్థ ఉందా అని అడగడం.
ఉంటే, ఉందని రాయడం.

ఇవాళ పదకొండో ఫైలు
సారెమా దీవిలోని కురెస్సారె.
జునిపెర్ కర్రతో వెన్న కత్తులు చెక్కే దుకాణం.
మనుషులు ఇద్దరు.
అంకెలూ అక్షరాలూ కలిపి ఇరవై.
ఆ ఇరవై గళ్ళలో కర్ర వాసన పట్టదు,
చెక్కిన చేతికి కాచిన కాయ పట్టదు.
చివరి రెండంకెలు మాత్రం
ముందున్న పద్దెనిమిదింటికీ కాపలా,
ఒక్కటి తడబడినా పట్టేస్తాయి
ఎక్కాలు అప్పజెప్పించుకునే పెద్దక్కలా.

పేరు సరే. చిరునామా సరే.
స్థితి అన్న గడిలో: కాలం చెల్లింది.

ఏటా ఒకసారి కొత్త చేయించాలి ఆ నంబరు.
సెప్టెంబరు ముప్పైకి ఎవరూ చేయించలేదు.
బాధ్యుడు: ఎండెల్ పిహ్లాక్.

రూలు ప్రకారం ఫోన్ చేశాను.
వాళ్ళు రాసిచ్చిన నంబరుకి కాదు,
రిజిస్టరులో మేమే వెతికి పట్టుకున్న నంబరుకి.
ఎవరి మంచితనం వాళ్ళనడిగితే ఏం తెలుస్తుంది?
తొమ్మిదో మోతకి ఎత్తింది ఒక ముసలి గొంతు, హెల్యు.
నేను పుట్టిన వల్కాలో
వీధికి ఈ పక్క ఒక దేశం, ఆ పక్క ఒక దేశం;
అందుకే ఆమె భాష నా నోట కుంటుతూనైనా నడుస్తుంది.

"మీ సంస్థ నడుస్తోందా అండీ?"
అటు చాలాసేపు గాలి.
"ఆ నెలంతా ఎండెల్ ఆసుపత్రిలోనే.
అక్టోబరులో పోయాడు.
సంస్థ సంగతి నాకు తెలీదు.
రంపం నడుస్తోంది. నేను నడుపుతున్నాను."

నా ఫారంలో దీనికి గడి లేదు.
అవును. కాదు. అంతే.

అప్పుడు ఆమె అంది:
"ఇంతకీ నువ్వు నువ్వేనని నాకెలా తెలుసమ్మా?"
ఏడేళ్ళ ఉద్యోగంలో ఎవరూ అడగలేదు.
నేను నీళ్ళు నమిలేలోగా ఫోను పెట్టేసింది.
గంట తర్వాత మా రిసెప్షన్ నుంచి పిలుపు.
మంచులో లైబ్రరీ దాకా నడిచి వెళ్ళి,
మా నంబరు అక్కడి పిల్లతో వెతికించుకుని,
"ఇప్పుడడుగు," అంది.
రూలు పుస్తకం నేను చదివాను.
ఆమె రాయగలదు.

నంబరు రెండు రోజుల్లో కొత్తదయింది.
సర్టిఫికెట్ ఇచ్చాం.
మేనల్లుడు రైగో ఎక్కించాడు.
ఎక్కించిన గంటకే ఏడుపు గొంతు:
బ్రౌజరు ఎర్రజెండా ఊపుతోంది,
ఈ చోటు నమ్మకండని మా అత్త పేరు మీద!
తాళంచెవి ఫైలు పంపనా, చూస్తారా?
వద్దు నాయనా, దాన్ని నాకు కాదు కదా
దేవుడికి కూడా చూపించకు.
నువ్వు మధ్య సర్టిఫికెట్ మర్చిపోయావు,
అందరూ మర్చిపోయేదే.
ఆకుకీ వేరుకీ నడుమ కొమ్మ ఉండాలి,
దాన్నీ అతికించి సర్వరు మళ్ళీ లేపు.
"మరి వేరుకి ఎవరు సంతకం పెట్టారు?"
వేరుకి వేరెవరూ పెట్టరు.
తనకు తానే పెట్టుకుంటుంది.
అతను నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం వాళ్ళ పేజీ తెరిచాను.
చిరునామా పక్కన గోరంత తాళం.
దాన్ని నొక్కి, లోపలికి పోయి,
ఇరవై గళ్ళ దాకా ఎవరు చదువుతారు?
కింద కత్తుల ఫొటోలు;
ఒకదాని పిడి మీద బొటనవేలు ఆనించే పల్లం.
ఇంకా కింద, సంప్రదించండి అన్నచోట,
ఇప్పటికీ ఎండెల్ పేరుతోనే ఈమెయిలు.

తప్పు వివరం. నేను ఎత్తిచూపాలి.
మా పరిధిలోది కాదని రాసి ఫైలు మూశాను.
మూసి, ఆ పల్లమున్న కత్తి ఒకటి ఆర్డరు పెట్టాను.
పేరు, వీధి, కార్డు నంబరు, అన్ని గళ్ళూ నింపాను.

ముప్పావు గంటకి జవాబు,
పోయినాయన చిరునామా నుంచి:
"కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా?
అది రాయలేదు మీరు."