ఉండా

చీమకుర్తిలో దుమ్ముకి సెలవు లేదు.
రాయి కోసే మర ఆదివారం ఆగినా
అది ఆగదు.
అద్దం మీద, ఆరబెట్టిన వడియాల మీద,
కంప్యూటరు పంకా రెక్కల సందుల్లో
బూడిదరంగు పిండిలా పేరుకుంటుంది.

బ్రష్షూ బ్లోయరూ పట్టుకుని
ఇంటింటికీ తిరిగేవాణ్ణి.
వేబ్రిడ్జి లెక్కలు ఇంట్లో కూర్చుని కొట్టే మాలకొండయ్య,
టెన్త్ పిల్లలకి పరీక్ష పేపర్లు టైపు చేసే సుభాషిణి టీచరు,
చీరల ఫొటోలు పెట్టి అమ్మే ఖాసింబీ...
మొత్తం పద్నాలుగు ఇళ్ళు.
"వేడెక్కతా ఉండాది అబ్బయా, ఒకసారి చూడు" అంటే
చూడ్డం, ఊదడం, తుమ్మడం,
టీ తాగి రావడం.

మోకాళ్ళ నొప్పో, ఒట్టి బద్ధకమో,
ఆ వేసవిలో ఒక చిన్న పని రాసి
అన్నింట్లోనూ పెట్టేశాను.
తెల్లవారుజాము మూడింటికి
ఎవరూ తట్టకుండానే లేస్తుంది.
డిస్కులో చోటెంత, ఒంట్లో వేడెంత,
పంకా తిరుగుతోందా,
నిన్నటి ఫైళ్ళకి నకలు పడిందా అని
తన నాడి తానే పట్టుకుని చూసుకుంటుంది.
బాగుంటే మళ్ళీ పడుకోమన్నాను.
బాగోకపోతేనే
నా ఫోనుకి ఒక ముక్క.

రెండు వారాలు ఒక్క ముక్కా రాలేదు.
నా తెలివికి నేనే మురిసి
సంతనూతలపాడు దాకా బండి మీద పోయి
మిరపకాయ బజ్జీలు తిని వచ్చాను.

ఇరవయ్యో రోజున మాలకొండయ్య వచ్చాడు.
చెప్పులు విడిచి, గడప దగ్గరే నిలబడి
"లారీల లెక్క పోయింది" అన్నాడు.
విప్పి చూస్తే
డిస్కు చచ్చి పద్దెనిమిది రోజులు.
చచ్చింది చెబుతుందా
నేను చచ్చానని?
పద్దెనిమిది రాత్రులు
ఆ మౌనాన్ని నేను
ఆరోగ్యమని చదువుకున్నాను.

బాగున్నవాడూ పోయినవాడూ
ఒకేలా నోరు మూసుకుంటారన్న సంగతి
రాళ్ళ మధ్య పుట్టి పెరిగీ
నాకు తట్టలేదు.

తిట్టి ఉంటే బాగుండేది.
రశీదు పుస్తకాలు సంచీలో తెచ్చి
"నువ్వు చదువు, నేను కొడతా" అన్నాడు.
మూడు రాత్రులు చదివాను.
బండి నంబరు, టన్నులు, డ్రైవరు పేరు.
తడిసి చెరిగిపోయిన చోట
ఇద్దరం దీపం కింద పెట్టి
ఏడో ఒకటో తేల్చుకోలేక
పొద్దుటి దాకా వాదులాడుకున్నాం.

ఆ మూడో రాత్రే పని మార్చి రాశాను.
బాగున్నా చెప్పాలి.
రోజూ చెప్పాలి.
పెద్ద మాటలేం వద్దు,
హాజరు పిలిస్తే బళ్ళో మేం పలికినట్టు
ఒక్క మాట:
ఉండా.

ఇప్పుడు మూడు దాటితే
తలగడ పక్కన ఫోను వణుకుతుంది.
ఉండా. ఉండా. ఉండా.
మా చెంచులక్ష్మి దుప్పటి తన వైపు లాక్కుని
"నీ పద్నాలుగు మందినీ వసారాలో పండబెట్టుకో" అంటుంది.

మొన్న గాలివానకి ఊరంతా కరెంటు పోయింది.
మూడైంది. ఏమీ రాలేదు.
కరెంటు లేకపోతే ఎట్టా వస్తుంది,
ఆ మాత్రం తెలుసు.
అయినా లేచి కూర్చున్నాను.
నాలుగుంపావుకి కర్నూలు రోడ్డు వైపు
ఒక దీపం మిణుకుమంది.
ఉండా, అంది సుభాషిణి టీచరు ఇల్లు.
తర్వాత పక్క సందు.
పాలిషింగు యూనిట్ల వెనక వరస.
లైన్‌మాన్ ఎక్కడ ఫ్యూజు వేస్తున్నాడో
నాకు మంచం మీదికి తెలుస్తోంది.
మాలకొండయ్యది వచ్చినప్పుడు
ఎవరూ చూడకుండా ఫోను తుడిచాను.
పదమూడు.

ఖాసింబీది రాలేదు.
అయిదున్నర దాకా ఆగి
బండి తీశాను.

తలుపు తీసిందామె, మోచేతుల దాకా పిండి.
వెనక గ్రైండరు గుడగుడ.
"కరెంటు మళ్ళా పోద్దేమోనని
ముందు మినప్పప్పు ఏశా.
ఉండేది ఒక్క ప్లగ్గే గదా,
నీ డబ్బా పీకినా. ఏందన్నా ఇంత పొద్దున?"

దుమ్ము ఊదడానికొచ్చానన్నాను.
"బ్లోయరేది?" అంది.

టీ పెట్టింది.
గ్రైండరు ఆగేదాకా
ప్లగ్గు కోసం కూర్చున్నాను.