ఏడో నంబరు కర్ర

ఆనందపురం దాటాక, జీడితోట వెనక కొండమీద
ఏ చెట్టూ నన్ను పలకరించదు.
నాకు తెలిసినవి నాలుగే: రేల, సరుగుడు, మోదుగ,
ఇంకోటి ఎప్పుడూ గుర్తుకు రాదు.

ముప్పై రెండేళ్ళు షిప్‌యార్డులో లేతు మీద పనిచేశాను.
ఇనుము వచ్చేటప్పుడే చేతిలో కాగితంతో వచ్చేది,
ఎక్కడ పుట్టింది, ఎంతకి వంగుతుంది, ఎంతకి తెగుతుంది, కింద ఒక సంతకం.
చెట్టు దగ్గర అలాంటి కాగితం ఉండదు.

విల్లు చెయ్యాలని ఎందుకు పుట్టిందని అడగొద్దు.
రిటైరయిన చేతులు
అన్నం కలుపుతూ కూడా కొలతలు తీస్తాయి.

ఆకు తిరగేస్తాను. అడుగున నూగు,
తొడిమ దగ్గర మూడు ఈనెలు,
ఒక పక్క దిగి ఒక పక్క ఎగసి
పండగ ముందురోజు దర్జీ కత్తిరించిన కాలరులా.
గోటితో బెరడు గీకుతాను. వేలికి జిగురు,
పచ్చి బెండకాయ జిగురు.
చిటికెన వేలంత రెమ్మ వంచి వదిలిపెడతాను:
టప్పున విరిగితే ఒక దండం పెట్టి పక్క చెట్టుకి పోతాను;
వంగి అలాగే ఉండిపోతే, మా షాపులో అలాంటివాళ్ళని చాలామందిని చూశాను;
కొంచెం కోపంగా వెనక్కొస్తే
జేబులోంచి సుద్దముక్క తీస్తాను.

తోట కాపలా వంతల బొంజుబాబుది పాడేరుకి అవతల.
దీని పేరేటి అంటే చాలాసేపు చూశాడు.
"మా కొండ మీదయితే చెప్పీసుందును.
ఇక్కడ మట్టి ఏరు, గాలి ఉప్పు.
అదే సెట్టో, దాని సుట్టమో!"

యూనివర్సిటీలో వృక్షశాస్త్రం మేడమ్, శశిరేఖ గారు
ఎండిన ఆకుని తిప్పి తిప్పి చూసి
"పువ్వు తెండి" అన్నారు.
పువ్వు లేనిదే పేరు రాయరట.
అప్పుడు మాఘమాసం.
అందాకా నా పుస్తకంలో, పేపర్లో వేసినట్టే,
గుర్తు తెలియని చెట్టు, ఎత్తు సుమారు ఇరవై అడుగులు,
ఒంటిమీద బూడిదరంగు బెరడు.

గాలివానకి దానంతటది విరిగి పడిన కొమ్మ, ఏడో నంబరు.
పడవ రంగు మిగిలితే రెండు కొసలకీ పూసి
ఏడాదిపాటు అటక మీద ఆరబెట్టాను.
తర్వాత చెక్కడం. గాజుపెంకుతో గీకడం.
తాడు కట్టి, గోడకి వేలాడదీసి, అంగుళం అంగుళం లాగడం.
పద్నాలుగు. పదిహేడు. పైచెయ్యి కొంచెం మొండికేసింది,
అక్కడ ఇంకో నాలుగు గీతలు గీకాను.
పంతొమ్మిదో అంగుళం దగ్గర
మల్కాపురం అంతా వినబడేటట్టు విరిగింది.

ముక్కలు సంచిలో వేసుకుని ఆనందపురం బస్సెక్కాను,
చెట్టు మీద ఫిర్యాదు చెయ్యడానికి పోతున్నట్టు.
బొంజుబాబు విరిగినచోట వేలు పెట్టి చూశాడు.
జానెడు పొడుగు పీచులు, నమిలిన వేపపుల్లలా.
"పాడుకర్ర ముల్లంగిలా తెగిపోద్ది బాబూ.
ఇది సివర్దాకా పట్టుకునే ఉంది.
నువ్వే ఇక్కడ ఎక్కువ గీకీసినావు."
మైక్రోమీటరుతో బతికినవాణ్ణి,
నా గీతలు నేను లెక్కపెట్టుకున్నాను. అవును, నాలుగు ఎక్కువ.

జ్యేష్ఠంలో వెళితే చెట్టంతా పసుపు.
పెసరగింజలంత మొగ్గలు, వాటిమీద చీమలు.
ఒక రెమ్మ కాగితంలో మడిచాను గానీ
బస్సులో ఎవరో దాని మీద కూర్చున్నారు.
మేడమ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

విరిగినదాంట్లో పెద్దముక్కని మాణిక్యం మేడమీదికి పట్టుకుపోయింది,
దండేనికి ఊతకర్రగా.
తడిచీర వెయ్యగానే నడుము వంచుతుంది.
పదింటికి సముద్రంవైపు గాలి తిరుగుతుంది,
చీర ఆరేకొద్దీ
కొంచెం కొంచెంగా, ఎవరూ లాగకుండా, నిటారుగా లేస్తుంది.
నేను కాఫీ గ్లాసుతో కింద నిలబడి
అంగుళాలు లెక్కపెడతాను.