జాబితాలో పదహారో వస్తువు

మహారాణిపేట కోర్టు మెట్లు దిగేసరికి పదకొండైంది.
చేతిలో జప్తు వారంటు, వెనక డప్పుతో అప్పలకొండ.
సముద్రపు గాలికి మెత్తబడిన ఆ డప్పు
జలుబు చేసినట్టు మోగుతుంది.
ఇరవై రెండేళ్లుగా అమీనాని.
గేదెల్ని జప్తు చేశాను, బట్టీలో కాలుతున్న ఇటుకల్ని,
ఓసారి పెళ్లి బ్యాండు వాళ్ల బాకాల్ని.
ఒక సర్కారు తరఫున ఇంకో సర్కారు మీదికి వెళ్లడం
ఇదే మొదలు.

జోడుగెడ్డ మీద వంతెన.
ఇటొడ్డు మనది, అటొడ్డు ఒడిశా.
చెరిసగం కడదామని ఒకే కాగితం మీద
రెండు ముద్రలు, రెండు లిపులు
ఒకటి గుండ్రం, రెండోది ఇంకా గుండ్రం.
వాళ్ల దిమ్మలు నడినీళ్లదాకా నడిచొచ్చి నిలబడ్డాయి.
మన దిమ్మలు పదమూడేళ్లుగా
వాయిదాలకి మాత్రం వస్తున్నాయి.
డిక్రీ పైకోర్టుకి ఎక్కింది, ముదిరి దిగింది.
వడ్డీ ఒక్కటే ఏ వంతెనా అక్కర్లేకుండా
రోజూ గెడ్డ దాటుతోంది.

రోడ్లు భవనాల ఆఫీసులో
సూపరింటెండెంటు హైమవతి గారు నాకే కుర్చీ వేసి
"ఇదీ రాసుకోండి" అన్నారు, ఆ కుర్చీని చూపిస్తూ.
రాసుకున్నాను.
ఇనప బీరువాలు నాలుగు, ఒకదానికి తాళం లేదు.
ఫ్యాన్లు తొమ్మిది, తిరిగేవి ఆరు.
టైర్లు లేని జీపు.
దాని కింద పిల్లలు పెట్టిన పిల్లిని రాయలేదు.

ఇంజినీరు గారి గది మూల, గాజుపెట్టెలో
థర్మోకోల్ వంతెన.
ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుదాకా, మొత్తం.
పదకొండు దిమ్మలు, అగ్గిపుల్లల రెయిలింగు,
నీలంరంగు అట్ట మీద నీళ్లు,
మధ్యలో ఎర్ర బస్సొకటి, డ్రైవరు లేకుండా.
"దీని బిల్లు ఆ ఏడే పాసైంది" అన్నారు హైమవతి గారు.

"జప్తు పూర్తిగానా, సగమా?" అని అడిగాను.
అవతలి ప్లీడరు గుమస్తా, రథ్ బాబు, నవ్వలేదు.
"మా డిక్రీ సగానికే" అన్నాడు, బరంపురం తెలుగులో.
ఎక్కడ కొయ్యాలో ఇద్దరికీ తెలీక
పెట్టె చుట్టూ ఒకసారి తిరిగొచ్చాం.

గుమ్మంలో కొర్రా సొంబారి.
జోడుగెడ్డ పడవవాడు. పార్టీ కాడు, సాక్షీ కాడు.
ప్రతి వాయిదాకీ కిరండూల్ పాసింజరు దిగి
స్టేషన్లోనే పడుకుని, పొద్దున్నే కోర్టుకొచ్చి నిలబడతాడు.
అవతలికి సమన్లు పట్టికెళ్లినప్పుడు అతని పడవే ఎక్కాను.
నడినీళ్లలో అడిగాను, హద్దెక్కడని.
"తెడ్డుకి తగల్నేదు బాబూ" అన్నాడు.

ఇప్పుడు తువ్వాలుతో గాజు తుడిచి లోపలికి చూశాడు.
వేలితో కాళ్లు లెక్కపెట్టాడు, అతను దిమ్మల్ని కాళ్లంటాడు.
ఏడో దాని దగ్గర వేలాగింది.
"ఇక్కడ సుడుంది.
మా బావ పడవ ఇక్కడే పోయింది.
ఈ కాలు నిలబడదు.
కొలతలోళ్లకి చెప్పినాను, ఇటోళ్లకీ అటోళ్లకీ.
రాసుకోనేదు."

వీధి గుమ్మంలో అప్పలకొండ డప్పు కొట్టాడు.
టీకొట్టు దగ్గర ఇద్దరు తలెత్తి, దించుకున్నారు.
నాలుగింటికి స్టే వచ్చింది.
సామాన్లన్నీ హైమవతి గారి జిమ్మాకే రాసి సంతకం తీసుకున్నాను.
ఆవిడ అదే కుర్చీలో కూచుని చేశారు.

మర్నాడు జడ్జి గారు జాబితా చదువుతూ
పదహారో వస్తువు దగ్గర ఆగారు.
వంతెన నమూనా, ఒకటి. విలువ గడి ఖాళీ.
రిమార్కుల గడిలో నా కోడిగీతల్లో:
ఏడో దిమ్మ దగ్గర సుడి ఉంది, పడవవాడు చెప్పగా.

"ఇదేమిటయ్యా అమీనా?"
"వస్తువు వివరమండీ."

పెన్ను టోపీ తీశారు.
కొట్టేస్తారనుకున్నాను.
కాసేపు అలాగే పట్టుకుని
దసరా తర్వాతకి వాయిదా వేశారు.