తుడవొద్దు

నాకు లెక్కలు రావు. నల్లబల్ల వచ్చు.
ముప్పైరెండేళ్లు, త్బిలిసిలో, మూడో అంతస్తులో
లామారా గారు రాసినదంతా తడిగుడ్డతో తుడిచినదాన్ని.

ఆవిడ రాత కుడివైపుకి పోయేకొద్దీ పైకెక్కేది,
గుట్టెక్కే మేకల బారులా.
సుద్దముక్క గోరంత అయ్యేదాకా వదిలేది కాదు,
అయ్యాక కోటు ఎడమజేబులో వేసుకునేది.
బల్ల పైమూలన ఒక్కోసారి "తుడవొద్దు" అని ఉండేది.
అంత బల్లలో నాకర్థమయ్యే మాట అదొక్కటే.

కరెంటు లేని ఆ చలికాలాల్లో
పిల్లలు తలా ఓ కట్టె తెచ్చి ఇనప పొయ్యిలో వేసేవారు.
కిరసనాయిలు దీపం నేను పట్టుకునేదాన్ని.
ఆవిడ చెయ్యి ఎటు పోతే వెలుగు అటు జరపాలి.
ఏ సమీకరణం ఎంత పొడుగో
నా భుజాన్నడగండి, చెబుతుంది.

పదకొండేళ్లు ఒకే ప్రశ్న పట్టుకు వేలాడిందన్నారు.
జీతం రొట్టెలకి చాలక మొగుడు సంతలో
పాత రేడియోలు అమ్మాడు.
ఆఖరికి తేలిందన్నారు. పారిస్ నుంచి పిలుపన్నారు.
ఆ వారమే
కిటికీ పక్కన, ఎప్పుడూ ముక్కు ఎగబీల్చే మెరాబ్
సగం లేచి అన్నాడు:
"నాలుగో వరుసలో... అది సున్నా కావచ్చు కదండీ?"

గది గొంతులో వెలక్కాయ పడింది.
ఆవిడ రెండడుగులు వెనక్కి జరిగి చూసింది.
నా బకెట్లో వేణ్ణీళ్లు చల్లారేంతసేపు చూసింది.
తర్వాత ఆ వరుస కింద గీత గీసి
వాడి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా.
పైమూలన: తుడవొద్దు.

పంతొమ్మిది రోజులు ఆ బల్ల జోలికి పోలేదు నేను.
ఆవిడా వాడూ దాని ముందు నిలబడి
అరుచుకునేవారు. యాపిల్ కోసుకు తినేవారు.
తొక్కలు నేనే ఎత్తాను.
ఇరవయ్యో రోజు, "ఇక తుడిచెయ్, నానులీ" అంది.
దొరికిందో పోయిందో అడగలేదు.
మొహం చూస్తే రెండూ అనిపించింది.

ఇప్పుడక్కడ తెల్లబల్ల. పొడి రాలదు.
మెరాబ్ చెబుతాడు పాఠం, ముక్కు ఎగబీలుస్తూనే.
వాడి రాతా కుడివైపుకి ఎగబాకుతుంది.

రిటైరైన రోజు ఆ కోటు నాకిచ్చేసి వెళ్లింది.
రెండుసార్లు ఉతికాను.
ఎడమజేబులో చెయ్యి పెడితే
ఇంకా వేళ్లు తెల్లబడతాయి.