ఆరున్నొకటి

బ్రాడీపేట నాలుగో లైను మొదట్లో
తెల్లారకముందే మ్యాజిక్ బండి ఆపి
మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు మీరావలి.
"లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు..."
చివర్న నా భుజమ్మీద వేలానించి
"ఆరున్నొకటి."

మిర్చి యార్డులో ముప్పయ్యేళ్లు కాటా పట్టినవాడు.
ఆరు తర్వాతి అంకె నోటెంట రానివ్వడు.
టిక్కీల దగ్గర ఏడుపు మాట పలికితే
రైతు ఇంటిదాకా వినబడుతుందంటాడు.
ఇప్పుడు తూకం మానేసి
పిట్టల్ని చూపిస్తున్నాడు, మనిషికి మూడొందలు,
టిఫిన్ మనదే.

ఉప్పలపాడు చెరువులో నీళ్లకంటే రెక్కలెక్కువ.
రెట్టలతో సర్కారు తుమ్మలు
సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి.
వాసన ముందొస్తుంది, చూపు తర్వాత.
తెనాలి కొత్త జంట ముక్కులు మూసుకుని నవ్వుకుంటుంటే
"అదుగో గూడబాతు, ఆ సంచి చూడమ్మా,
రేషన్ షాపు తెరవలేదని
నిలబడ్డ పెద్దాయన్లా లేదూ" అన్నాడు.
ఎర్రకాళ్ల కొంగ పుల్ల తెచ్చి పెళ్లానికిచ్చింది.
ఆవిడకి నచ్చలేదు, నీళ్లలో పడేసింది.
అతను మారు మాట్లాడకుండా ఇంకోదానికెళ్లాడు.
తెల్లకంకణాలు, నీటికాకులు, పాముమెడ పిట్టలు,
మీరావలి జాబితా కొండవీటి చాంతాడు.
పాత పద్దు పుస్తకంలో
నాలుగు నిలువు గీతలు, మీదో అడ్డగీత,
పిట్టలు కూడా బస్తాల్లాగే చేరుతున్నాయి.

నా మెళ్లో రాజ్యం పిన్ని బైనాక్యులర్.
పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
తెల్ల చీరతోనే ఈ గట్టుకొచ్చి కూచునేదట.
మాకెవరికీ చెప్పలేదు.
పోయాక బీరువాలో దొరికింది,
పట్టీకి ఇంకా డెట్టాల్ వాసన.
మధ్య చక్రం ఆవిడ కళ్లకి తిప్పి ఉంది.
నేను తిప్పలేదు.
అందరూ కొంగల్ని చూస్తుంటే
నేను గచ్చుమీద ఒలికిన పాల మరకల్ని చూసి
"అబ్బ, ఎంత బాగుందో" అన్నాను.

మధ్యాహ్నం కొండవీడు దిగువన బీళ్లు.
నడుమెత్తు ఎండుగడ్డి, మధ్యమధ్య రేగుపొదలు,
ఉడుము పోయిన జాడ మాత్రం.
ఒక తీతువు నెత్తిమీద తిరిగి తిరిగి తిట్టింది.
"అడుగు తియ్యకండి!"
కెమెరా కుర్రాడి బూటుకి జానెడు దూరంలో
గులకరాళ్లలో మూడు రాళ్లు
రాళ్లు కావు.
"అపశకునం పిట్టంటారు దీన్ని.
పాపం, దాని పిల్లల గోల దానిది."

తీగమీద పాలపిట్ట.
"కనబడుతోందా?"
"ఆఁ."
"నోట్లో ఏం పట్టింది?"
నేను మాట్లాడలేదు.
అతను నా మెళ్లోంచి పట్టీ తీసి
చొక్కా అంచుతో అద్దాలు తుడిచి
కాటా సరిచేసే చేత్తో
చక్రం గిర్రున తిప్పేశాడు.
ఆగమందామనేలోపే అయిపోయింది.

మిడత.
ఒక కాలు ఇంకా కొట్టుకుంటోంది.
పిట్ట లేచింది, రెక్కల కింద దాచిన నీలమంతా
ఒక్కసారి విప్పి చూపించి
రేగుపొద అవతలికి పోయింది.
అంత నీలం నేనెప్పుడూ చూళ్లేదు.
పిన్ని చూపు చక్రమ్మీద ఎక్కడ ఆగి ఉండేదో
ఇక ఎవరికీ తెలీదు.

తిరుగు దారిలో యార్డు పక్కన లారీలు అడ్డం.
గాలి ఎర్రగా మండుతోంది.
తెనాలి అమ్మాయి తుమ్మింది, డ్రైవరు దగ్గాడు,
కెమెరా కుర్రాడు కళ్లు నులుముకుంటున్నాడు.
నేనూ తుడుచుకోవడం మొదలుపెట్టి
లారీలు కదిలినా
బైపాస్ దాటినా
ఆపలేకపోయాను.

ముందు సీట్లోంచి మీరావలి తువ్వాలు అందించాడు,
వెనక్కి తిరక్కుండానే.
"ఘాటండీ" అన్నాడు.
"ఈ ఏడు పంట ఘాటెక్కువ."