కొలబద్ద

లాంకస్టర్‌లో వాన మూడో రోజు.
లూన్ నది రేవు మెట్లు నాకుతోంది.
హెస్టర్ బ్రాత్‌వెయిట్ దుకాణంలో
జిగురు గిన్నె ఉడుకుతోంది డెక్కల కంపుతో.

నిన్నటిదాకా కాళ్ళు పైకెత్తుకుని
వైద్యుడి ముందు సిగ్గొదిలిన ముసలమ్మలా పడున్న బల్లని
ఇవాళ నిలబెట్టాం.
రెండొందల ముప్పై ఏళ్ళ మహాగని.
దీని దుంగ జమైకా నుంచి ఈ రేవుకే దిగింది.
నరికినవాళ్ళ పేర్లు ఏ బిల్లులోనూ ఉండవు.
ఆ మాట హెస్టర్ అనదు, నేనూ అనను.
మా అమ్మమ్మ అంటుంది,
నున్నటి బల్ల ఎక్కడ కనబడినా.

నడిమధ్యన పొదిగిన కొయ్య గవ్వ.
దాని మడతల్లో నీడ రంగు కాదు,
కాలిన ఇసుకలో ముంచి తీసిన మాడు.
ఎంతసేపు ముంచాలి? అని అడిగాను, చేరిన కొత్తలో.
"మాడువాసనకి ఒక్క క్షణం ముందు దాకా."
ఆ క్షణం నాకింకా చిక్కలేదు.

అంచు చుట్టూ గోరంత వెడల్పు తెల్ల పట్టీ.
ఒక్కచోట పసుపెక్కువ.
ఆవిరి పట్టి, కత్తి మొనతో లేపాను.
అడుగున అంకెలు!
తొమ్మిది, పది, పదకొండులో సగం,
పక్కనే సిరాతో వంకర హెచ్.

ఎవరో బడిపిల్ల కొలబద్దని
పల్చగా చిత్రిక పట్టి అతికారు.

హెస్టర్ కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది.
"దొంగ సచ్చినాడు," అంది,
గోడ మీది వాళ్ళ నాన్న ఏప్రన్ వైపు చూసి.

తొమ్మిదేళ్ళప్పుడు పోయిందట.
కొలబద్ద లేనందుకు టీచరు అరచేతి మీద ఆరు.
ఇంటికొస్తే నాన్న ఆ చెయ్యి చూసి
ఏమీ అనకుండా బల్లకి మెరుగు పెడుతూ ఉన్నాడట.
తీసింది విన్నీ పోసల్‌త్వెయిటే అని
అరవై ఏడేళ్ళు నమ్మింది.
ఒకే వీధి. ఒకే చర్చి.
ఎదురైతే గొడుగు అడ్డం పెట్టుకునేది.
విన్నీ పోయినేడు పోయింది.

ఫోన్ మోగింది. బల్ల గలావిడ.
అంతా అసలుదేనా? వేలంలో అడుగుతారు కదా.
"అసలుదే," అంది హెస్టర్,
"రెండంగుళాలు తప్ప."

కొత్త బాక్స్‌వుడ్ కోసి తెచ్చాను. వద్దంది.
జిగురు చల్లారేలోపు
అంకెలు కిందికి పెట్టి, వేలితో అదిమి,
బిగింపు మర తనే తిప్పింది.
చాలాసేపు తిప్పింది,
అవసరమైన దానికన్నా ఒకటి రెండు చుట్లు ఎక్కువే.